పూర్తి ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది

ఆ మంగళవారం పొద్దున్న ఫిర్యాదులమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. సరిగ్గా పది గంటలకు నాలుగు ఉత్తరాలు పంపాలి. పంపాక ఏమీ ఎరగనట్టు తన పనిలో తాను పడిపోవాలి. రాత్రి నిద్రపట్టకపోయినా ఆమె మొహంలో అలసట లేదు. చెప్పులు జత తప్పి వేసుకుని, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మార్చుకుంది. అంత సంబరంలో ఉంది.

ఆమె ఒక లిఫ్టుల కంపెనీలో గుమాస్తా. ఫలానా ఆసుపత్రిలో లిఫ్టు తలుపు మూసుకోవడం లేదనీ, ఫలానా హోటల్లో మూసుకున్న తలుపు తెరుచుకోవడం లేదనీ పొద్దస్తమానం ఫోన్లు వస్తుంటాయి. అవన్నీ రాసుకుని మెకానిక్కులను పురమాయించడం ఆమె ఉద్యోగం. అందుకని ఆఫీసంతా ఆమెను ఫిర్యాదులమ్మ అంటుంది. ఆ ఫిర్యాదులమ్మ ఏడేళ్లుగా మధ్యాహ్నం భోజనం పావుగంటలో కానిచ్చి, మిగిలిన ముప్పావుగంటా ఒక నవల రాస్తోందని ఆఫీసులో పురుగుక్కూడా తెలియదు. ఒక పెద్ద ఓడకు కెప్టెన్. ఆయనకు ఈత రాదు. ఆ సంగతి ఓడలో లెక్కలు రాసే గుమాస్తా ఒకావిడ పసిగడుతుంది. ఇదీ నవల. నాలుగు వందల పన్నెండు పేజీలు.

నవల రాయడం ఒక ఎత్తు, దాన్ని ప్రచురణకర్త గుమ్మం దాటించడం ఇంకో ఎత్తు. ఆ గుమ్మం దగ్గర ఏజెంట్లని కొందరుంటారు. వాళ్లకు నచ్చితే పుస్తకాన్ని వాళ్లే చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకువెళతారు. నచ్చాలంటే ముందు ఒక్క పేజీ ఉత్తరం రాయాలి. నాలుగు వందల పేజీలు అలవోకగా రాసిన మనిషి ఆ ఒక్క పేజీ దగ్గర నాలుగు నెలలు చతికిలపడింది.

అప్పుడు రంగంలోకి దిగింది వదిన. అన్నగారి భార్య, ఎదురింట్లోనే కాపురం. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతుంది కాబట్టి, పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ల చేత పని చేయించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఏజెంట్ల గురించి దొరికిందల్లా చదివి ఒక నోటుబుక్కు నింపేసింది. సోమవారం పంపితే గుట్టలో కలిసిపోతుంది, శుక్రవారం పంపితే వాళ్ల మనసు ఇంటి మీద ఉంటుంది, అందుకని మంగళవారం. ఒకేసారి నలుగురికి మించకూడదు. రహస్యం ముందే విప్పకూడదు, ఊరించాలి. ఆ ఏజెంటు గురించి మనం వాకబు చేశామని తెలియాలి. వేరేవాళ్లకూ పంపుతున్నామని దాచకుండా చెప్పాలి. ఉత్తరంలో "నవల" అనే మాట తొమ్మిది చోట్ల ఉంటే, ఏజెంటుకు రాసే ఉత్తరం నవల గురించి కాక నిమ్మకాయల గురించి ఉంటుందా అని తొమ్మిదింటినీ కొట్టేసింది. ఓడనూ ఈతనూ కూడా కొట్టేసింది. అవి పేజీలు తెరిచాక తెలియాల్సిన సంగతులట.

అలా చిక్కి శల్యమై చివరికి మిగిలిన ఉత్తరం ఇది.

"అయ్యా, ఒక పెద్ద అధికారి ఏళ్ల తరబడి అందరి కళ్లూ కప్పుతున్నాడు. ఏ పనిలో ఆయన పేరు మోగిపోతోందో, ఆ పనంటేనే ఆయనకు వణుకు. ఆయన కింద పనిచేసే ఒక మామూలు గుమాస్తా ఆ రహస్యం కనిపెట్టింది. ఇప్పుడామె నోరు విప్పుతుందా, మూసుకుంటుందా? ఏడేళ్లు కష్టపడి దీన్ని సిద్ధం చేశాను. మొదటి యాభై పేజీలు జతపరిచాను. పూర్తి ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. ఎందరో ఉండగా మీకే రాయడానికి కారణం, మీ గురించి చాలాకాలంగా శ్రద్ధగా తెలుసుకుంటూ ఉండటమే. ఇది మరో ముగ్గురికి కూడా పంపుతున్నానని దాచకుండా చెబుతున్నాను. ఆరు వారాల్లో మీ నుంచి జవాబు రాకపోతే నా దారి నేను చూసుకుంటాను. నేను లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల గుమాస్తాను."

నలుగురిలో ముగ్గురికి ఎప్పుడు పంపినా ఒకటే. నాలుగో ఆయనే అసలువాడు. ఆయన చేయి పడితే పుస్తకం పండినట్టే అంటారు. ఏడాదికి ఒక్క రోజే, అదీ సాయంత్రం అయిదు గంటల దాకానే ఉత్తరాలు తీసుకుంటాడు. మాట పొదుపరి. జవాబులో సంతకం కూడా పెట్టడని ప్రతీతి. ఆ ఒక్క రోజూ ఈ మంగళవారమే.

పది గంటలకు ఫిర్యాదులమ్మ బల్లకింద ఫోను పెట్టుకుని, మూడు ఉత్తరాలు చకచకా పంపేసింది. ఇక నాలుగోది మిగిలింది. ఆ పెద్ద ఏజెంటు ఈమెయిలు అడ్రసులో మూడు అక్షరాలు కొట్టగానే, ఫోను పెద్దమనసు చేసుకుని మిగతాది తానే పూర్తిచేసింది. ఆమె కళ్లు మూసుకుని నొక్కేసింది. ఆ మూడక్షరాలతోనే మొదలయ్యే అడ్రసు ఫోనులో ఇంకొకటి ఉంది. కిందటేడు సెలవులో ఉన్నప్పుడు ఆఫీసు కాగితాలు ఇంటికి పంపించమని మేనేజరు ఇచ్చిన సొంత అడ్రసు. అందులో పేరు లేదు, నాలుగు అక్షరాలూ ఒక తేదీ, అంతే.

మేనేజరు పొట్టిగా, నిండుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. వాళ్ల ఆఫీసు ఏడంతస్తుల భవనంలో నాలుగో అంతస్తు. ఆయన రోజూ మెట్లెక్కే వస్తాడు. మెట్లెక్కితే గుండె గట్టిపడుతుందని గోడమీద ఒక పెద్ద బొమ్మ కూడా అంటించాడు. లిఫ్టులమ్ముకునే కంపెనీలో ఈ బొమ్మేమిటని పై ఆఫీసు వాళ్లు ఒకసారి మొహం మాడ్చారు గానీ, ఆరోగ్యం మీద శ్రద్ధ అని సరిపెట్టుకున్నారు. నిజానికి ఆయన లిఫ్టు ఎక్కి పదకొండేళ్లయింది. లోపలికి అడుగుపెడితే ఊపిరాడదు. మెకానిక్కులు ప్రతి లిఫ్టునూ నాలుగుసార్లు పరీక్షించి తెచ్చే కాగితాల మీద, "స్వయంగా ఎక్కి చూశాను" అన్న గడిలో కళ్లు మూసుకుని సంతకం పెడుతూ ఉంటాడు. ఈ భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్న ఆ సంగతి, పది గంటల మూడు నిమిషాలకు ఆయన ఫోనులో ప్రత్యక్షమైంది. ఉత్తరం మూడుసార్లు చదివాడు. జతపరిచిన యాభై పేజీలు తెరిచే ధైర్యం మాత్రం చాలలేదు. యాభై పేజీలు. తన గురించి.

పదీ నలభైకి ఫిర్యాదులమ్మకు జవాబు వచ్చింది. "చూశాను. మీ చూపు ఇంత సూక్ష్మమైనదని ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయాను. దయచేసి ఇంకెవరికీ పంపకండి. మీకేం కావాలో చెప్పండి." కింద సంతకం లేదు.

సంతకం లేకపోవడం చూసి, ఇది ఆ నాలుగో ఆయనే అని ఆమె గంతేసినంత పని చేసింది. అడ్రసు చూడాలన్న ధ్యాస ఎక్కడుంటుంది? మెట్ల దగ్గరికి పరుగెత్తి వదినకు ఫోను చేసింది. వదిన అప్పుడొక స్టూడెంటు చేత వంతెన ఎక్కిస్తోంది. కారు పక్కకు ఆపించి, జవాబును అక్షరం అక్షరం చదివించుకుంది.

"నలభై నిమిషాల్లో జవాబా? చేప గాలం మింగేసిందమ్మా. ఇప్పుడు మాత్రం నువ్వు బ్రేకు మీద కాలు పెట్టు. మొదటి మాటకే తలూపితే లోకువైపోతావు."

నోటుబుక్కులో ఇలాంటి ఘట్టానికీ ఒక సూత్రం ఉంది. ఒకరు ఒప్పుకున్నారంటే మిగతావాళ్లకు ఆ సంగతి చెప్పి వారం గడువు ఇవ్వాలి. అప్పటిదాకా గుట్టలో ఉన్న ఉత్తరం గుట్ట పైకొస్తుంది. వదిన చెప్పినట్టే ఫిర్యాదులమ్మ ముగ్గురికీ రాసింది, తనకు ఒక గొప్ప ఏజెంటు నుంచి పిలుపు వచ్చిందనీ, వారంలోగా ఏదో ఒక మాట చెప్పమనీ. ఆ తర్వాత నాలుగో ఆయనకు వదిన చెబుతుంటే ఇలా రాసింది. "ధన్యవాదాలు. ఇది ఇప్పటికే మరో ముగ్గురి చేతుల్లో ఉంది. వాళ్లకు వారం గడువిచ్చాను. నాకు పెద్ద కోరికలేవీ లేవు. ఇది వీలైనంత ఎక్కువమందికి తెలియాలి, అంతే. సినిమాగా వచ్చినా నాకు అభ్యంతరం లేదు." చివరి వాక్యం పూర్తిగా వదినదే.

గాజు తలుపు వెనక మేనేజరు ఆ జవాబు చదివి కుర్చీలో జారిపోయాడు. సినిమా అంటే? తను మెట్లెక్కుతుండగా ఎవరో ఏళ్ల తరబడి వీడియో తీశారన్నమాట.

పదకొండేళ్లుగా ఆమెను "ఏమ్మా" అని పిలిచే మేనేజరు, పన్నెండు గంటలకు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ సౌకర్యంగా ఉందా అండీ అని అడిగాడు. ఆమె నవల ధ్యాసలో ఉండి, పరవాలేదు సార్, ఇన్నాళ్లు ఓర్చుకున్నాను, ఇంకెన్నో రోజులు కాదులెండి అంది. పావుగంటలో ఆయన తన గదిలోని తోలు కుర్చీని స్వయంగా దొర్లించుకుంటూ తెచ్చి ఆమెకు వేశాడు. ఒంటి గంటకు టీ తెచ్చి ఇచ్చాడు. చక్కెర ఎంత వెయ్యాలో తెలియదని విడిగా ఒక గిన్నెలో కూడా తెచ్చాడు. ఆమెకు ఇదంతా వింతగానే తోచింది గానీ, మనసు బాగున్నప్పుడు లోకమంతా మంచిగానే కనిపిస్తుందని సమాధానపడింది.

ఆఫీసు మాత్రం సమాధానపడలేదు. పెద్ద మెకానిక్కు ముప్పై ఏళ్ల సర్వీసున్నవాడు, తీగను చూసి డొంకను చెప్పగలనని అనుకునేవాడు. మేనేజరు గుమాస్తాకు కుర్చీ మోశాడంటే అర్థం ఒకటే, ఆమె మామూలు గుమాస్తా కాదు. పై ఆఫీసు వాళ్లు తనిఖీకి పెట్టిన మనిషి. ఇన్నేళ్లూ ఫిర్యాదులు రాసుకుంటున్నది అందుకే. ఈ మాట మెకానిక్కుల గదిలో పడగానే, అక్కడ చీట్లపేక ఆడుతున్నవాళ్లు పనిముట్లు పట్టుకుని నలువైపులకూ పరుగెత్తారు. మూడు గంటలకల్లా నెలల తరబడి మూలుగుతున్న ముప్పై ఎనిమిది ఫిర్యాదులు తీరిపోయాయి. పెద్ద మెకానిక్కు చేతులు కట్టుకుని వచ్చి, ఆసుపత్రి లిఫ్టు తలుపు ఇప్పుడు చక్కగా మూసుకుంటోందనీ, ఆ ముక్క కూడా కాగితం మీద పెట్టమనీ వేడుకున్నాడు. పెడతానంది. అతడు కళ్లు తుడుచుకున్నాడు.

నాలుగూ నలభై అయిదుకు మేనేజరు ఆమెను పిలిచి, కొంచెం మాట్లాడాలి, ఇక్కడ గోడలకు చెవులున్నాయి అని బయటికి నడిచాడు. లిఫ్టు ముందు ఆగాడు. పంచప్రాణాలూ ఉగ్గబట్టి లోపల అడుగుపెట్టాడు. ఆమె వెనకాలే ఎక్కింది. ఆయన ఏడో అంకె నొక్కి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా దిగింది.

"చూడండి, ఎక్కాను. పదకొండేళ్ల తర్వాత ఎక్కాను. ఇప్పటికైనా ఆ వీడియో ఆపిస్తారా?"

ఏ వీడియో సార్ అంది ఆమె. ఆయన కళ్లు తెరవకుండానే జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో తన ఉత్తరం. తను మురిసిపోయిన జవాబు. ఆ కింద తను రాసిన సినిమా సంగతి. ఒక్కొక్కటీ మళ్లీ చదువుతుంటే, అదే ఉత్తరం ఆమెకు బెదిరింపు ఉత్తరంలా కనిపించసాగింది. మొదటి యాభై పేజీలు. పూర్తి ప్రతి భద్రం. మరో ముగ్గురు. ఆమె కాళ్ల కింద లిఫ్టు లేనట్టయింది.

"సార్, ఇది నవల సార్."

"నవలా?"

"ఓడ కెప్టెనుకి ఈత రాదు సార్. మీరు కాదు."

మేనేజరు ఒక కన్ను తెరిచాడు. లిఫ్టు ఏడో అంతస్తుకు చేరబోతోంది. ఆయన మొహంలో రంగు వెనక్కి వచ్చింది, వెంటనే మళ్లీ పోయింది, ఎందుకంటే తన రహస్యాన్ని తన నోటితోనే ఇప్పుడు చెప్పేసినట్టు అర్థమైంది. ఆమె ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు. గోడకు ఆనుకుని గబగబా చెప్పుకుపోయింది, ఏడేళ్ల భోజనం వేళల గురించీ, పెద్ద ఏజెంటు గురించీ, అయిదు గంటల గడువు గురించీ, రాని పిలుపును వచ్చిందని నమ్మి ముగ్గురికి రాసిన అబద్ధం గురించీ. లిఫ్టు ఆగి తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. కిందికి దిగసాగింది. కింద పెద్ద మెకానిక్కు, తనిఖీ మొదలైందని రూఢి చేసుకుని, లిఫ్టు ఎంత చురుగ్గా వస్తుందో చూపించడానికి మీట నొక్కుతున్నాడు.

అలా వాళ్లు మూడుసార్లు పైకీ కిందికీ తిరిగారు. కింద తలుపు తెరుచుకున్నప్పుడల్లా బారులు తీరిన మెకానిక్కులు నిటారుగా నిలబడ్డారు. మేనేజరు చేత్తో వాళ్లను ఆగమని సైగచేసి మళ్లీ ఏడు నొక్కాడు. మూడో విడతలో ఆయన కమ్మీ వదిలేసిన సంగతి ఆయనకే తెలియదు.

"చివరికి ఆ కెప్టెన్ ఏమవుతాడు?" అని అడిగాడు.

"అది ముందే చెప్పకూడదు సార్."

ఆయన ఉసూరుమన్నాడు. ఆమె వాచీ చూసుకుంది. అయిదుకు ఏడు నిమిషాలు. లిఫ్టు కదులుతుండగా ఫోనుకు సిగ్నలు అందదు, తలుపు తెరుచుకుంటే గాని. ఏడో అంతస్తు రాగానే మేనేజరు తలుపుల మధ్య నిలబడి, రెండు అరచేతులతో రెండు రెక్కలనూ ఆపాడు. మూసుకోవాలని చూసిన తలుపు ఆయన్ను తాకి, సిగ్గుపడ్డట్టు వెనక్కి పోయింది. కింద మీట టకటక మోగుతోంది.

"రాయండి. ముందు అది నవల అని రాయండి. ఓడ అనీ రాయండి. మళ్లీ ఇంకెవరి కొంపా ముంచకండి."

ఆమె ఆ రెండు మాటలూ చేర్చి, అడ్రసు అక్షరం అక్షరం తానే కొట్టి, ఆయనకూ ఒకసారి చూపించి, అయిదుకు రెండు నిమిషాలుండగా పంపింది. ఆ తర్వాత ఆ ముగ్గురి సంగతి మిగిలింది. వదినకు ఫోను చేస్తే, నోరు మెదపకు, వాళ్లకు ఎలా తెలుస్తుంది అంది. ఆ మాట మేనేజరుకూ వినపడింది. తలుపుల మధ్య అలాగే నిలబడి, మెల్లగా చెప్పాడు.

"నా మాట వినండి. పదకొండేళ్లు దాచినవాణ్ని. మొదటిరోజే చెప్పేసి ఉంటే అదొక నవ్వులాట అయ్యేది. దాచినకొద్దీ మెట్లు పెరుగుతాయి."

ఆమె ముగ్గురికీ రాసింది. పిలుపు ఏ ఏజెంటు నుంచీ రాలేదనీ, పొరపాటున తన ఉత్తరం తన మేనేజరుకు పోయిందనీ, ఆయన దాన్ని మరోలా అర్థం చేసుకున్నాడనీ, ఆయన జవాబును తను ఇంకోలా అర్థం చేసుకున్నాననీ, క్షమించమనీ. మేనేజరు రహస్యం మాత్రం రాయలేదు. ఆ రహస్యాన్ని ఆయనే మర్నాడు పొద్దున్న ఆఫీసులో అందరినీ నిలబెట్టి చెప్పేశాడు. ఇకమీదట "స్వయంగా ఎక్కి చూశాను" గడిలో ఎక్కినవాళ్లే సంతకం పెడతారన్నాడు. పెద్ద మెకానిక్కు అదేదో తనిఖీలో తేలిన నిర్ణయమనుకుని ముందుగా చప్పట్లు కొట్టాడు.

పెద్ద ఏజెంటు జవాబు తొమ్మిది నిమిషాల్లోనే వచ్చింది. ఓడల నవలలు నాకు పడవు అని ఒకే ఒక్క వాక్యం. ముగ్గురిలో ఒకరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంకొకరు, క్షమాపణ ఉత్తరం చూడనే లేదో ఏమో, మీకు పిలుపు వచ్చినందుకు శుభాకాంక్షలు, వారినే పెళ్లాడండి అన్నట్టు రాశారు. ఫిర్యాదులమ్మ ఆ వారమంతా ఫిర్యాదులు రాసుకుంటూ, భోజనం గంటలో ఊరికే కిటికీలోంచి చూస్తూ గడిపింది. తోలు కుర్చీ వెనక్కి ఇస్తానంటే మేనేజరు తీసుకోలేదు.

తొమ్మిదో రోజున ఫోను మోగింది. లిఫ్టు ఆగిందని చెప్పబోతున్నారనుకుని కలం తీసింది. అవతల మూడో ఏజెంటు, వయసు మళ్లిన ఆవిడ, గొంతులో చిన్న జీర. తప్పు ఒప్పుకున్న ఉత్తరం తన ముప్పై ఏళ్ల వృత్తిలో ఇదే మొదటిదనీ, దానికోసమే యాభై పేజీలూ తెరిచాననీ చెప్పింది. తర్వాత, మీరు ఎప్పుడైనా ఓడ ఎక్కారా అని అడిగింది.

"లేదండీ."

"తెలుస్తూనే ఉంది. మీ సముద్రంలో ఎక్కడా తడి లేదు. కానీ ఆ గుమాస్తా ఉందే, ఆవిడ నా నెత్తిన కూర్చుని దిగడం లేదు. ఆవిడ కోసం పుస్తకం తీసుకుంటాను. ఒక్కటే మాట. ఆ ఓడను తీసేసి, మీకు బాగా తెలిసిన చోట కథ పెట్టండి. మీరు పనిచేసేది ఎక్కడన్నారూ?"

ఫిర్యాదులమ్మ చెప్పింది. మరింకేం అంది ఆవిడ.

వదిన ఆ వార్త విని నడిరోడ్డు మీద హారను ఆపకుండా మోగించిందట. ఫిర్యాదులమ్మకు మాత్రం సంతోషంతో పాటు ఒక చిక్కూ వచ్చిపడింది. ఏది నిజం కాదని లిఫ్టులో అంతసేపు మొత్తుకుందో, అదే ఇప్పుడు నిజంగా రాయాలి. దాచి రాయడం ఆమె వల్ల కాదు. సాయంత్రం గాజు తలుపు తట్టి లోపలికి వెళ్లి, నిలబడే అంతా చెప్పింది. లిఫ్టుల కంపెనీ, లిఫ్టంటే భయపడే మేనేజరు, ఫిర్యాదుల గుమాస్తా. మీరు వద్దంటే రాయను సార్ అంది.

మేనేజరు చాలాసేపు బల్లమీద కాగితాలు సర్దాడు. సర్దినవాటినే మళ్లీ సర్దాడు. తలెత్తకుండా, ఎంతమంది చదువుతారని అడిగాడు. తెలియదంది. కథలో ఆయన చివరికి లిఫ్టు ఎక్కుతాడా అని అడిగాడు. ఎక్కుతాడంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, సరే రాయండి అని, ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక్కి పిలిచాడు.

"మనిషిని మాత్రం కొంచెం పొడుగ్గా రాయండి."